ఫ్రీ ఆర్పీజీల్లో లోతు ఎక్కడుంది, ఆటలోనా అంగట్లోనా?

#1 నెట్‌కేఫ్_నాని

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి పోవడమే కానీ ఇక్కడ రాసింది లేదు, నిన్న చూసింది చూశాక రాయకుండా ఉండలేకపోయా.

మా తమ్ముడి కొడుకు, ఏడో క్లాసు. ఫోన్లో ఏదో ఆన్‌లైన్ ఆర్పీజీ (ఒక హీరోని పెంచుకుంటూ పోయే ఆట) ఆడుతున్నాడు కదా అని పక్కన కూర్చున్నా. వాడు ఆడట్లేదు, గేమే ఆడుకుంటోంది. ఆటో అని ఒక బటన్ నొక్కి ఫోన్ని నీళ్ల చెంబుకి ఆనించి పూరీ తింటున్నాడు, ఈలోపు హీరో తనే పరిగెత్తి, తనే క్వెస్ట్ (ఆటలో ఇచ్చే పని) తీసుకుని, తనే పది తోడేళ్లని చంపి వచ్చేశాడు. చివర్లో 'క్లెయిమ్' అని వస్తే, చేతులకి నూనె ఉందని మోచేత్తో నొక్కాడు మావాడు. ఆ సెషన్ మొత్తంలో వాడు ఆడిన ఆట ఆ ఒక్క మోచెయ్యే.

సరే, పిల్లల గేమ్ కదా సింపుల్‌గా ఉంటే తప్పేముంది అనుకుని షాప్ ఓపెన్ చేయమన్నా. బాబోయ్. ఎర్ర డైమండ్లు, నీలం డైమండ్లు, టికెట్లు, ముక్కలు, ముక్కలు కలిపితే వచ్చే ఇంకో టికెట్, అది కూడా ఆదివారం లోపు వాడకపోతే పోతుందట. మోచేత్తో ఆడే ఆటకి జీఎస్టీ రిటర్న్ అంత షాపు.

నేను 2006లో విజయవాడలో నెట్ కేఫ్‌లో గంటకి 15 ఇచ్చి రూన్‌స్కేప్ ఆడినోణ్ణి. అది కూడా ఫ్రీయే, అందులో కూడా చేసేది క్లిక్ చేయడమే. మరి దాన్ని తలుచుకుంటే ఇంకా కడుపు నిండినట్టు ఎందుకుంటుంది, దీన్ని చూస్తే ఎందుకు ఉండదు? వయసు వల్ల వచ్చిన పిచ్చేనా, లేక నిజంగా లోతు పోయిందా?

#2 ఓరుగల్లు_ఓర్క్

అన్నా, గది ఆట కాదు, స్క్రీన్‌సేవర్.

కొరియాల 2016 చివర్ల లీనేజ్ 2 రెవల్యూషన్ వచ్చింది సూడు, ఆటో క్వెస్ట్ తోటి మస్తు నడిచింది, దాని తర్వాత ఫోన్ల మీద వచ్చిన చానా ఎమ్మెమ్మోలు (వేల మంది ఒక్కతాన ఆడే ఆన్‌లైన్ ఆటలు) గదే దారి పట్టినయ్. దాని వెనుక లెక్క ఏందంటే, రోజు 20 డెయిలీలు పెడ్తరు, అవి చేత్తోని చేస్తే రెండు గంటలు, ఎవనికి ఓపిక ఉంటది? అందుకే ఆటో ఇస్తరు. ముందుగాల బోరు పని వాళ్లే పెట్టుడు, మళ్ల ఆ పని తప్పించే బటన్ గూడ వాళ్లే పెట్టుడు, ఇంకింత జల్ది కావాల్నంటే పైసల్ తియ్ అనుడు. సింపుల్ అనేది నీ కోసం కాదన్నా.

#3 ఎక్సెల్_మాంత్రికుడు

నాని గారూ, మీరు తప్పు షాపుకెళ్లారు అంతే. లోతు కావాలంటే పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఉంది కదా, 2013 నుంచీ ఫ్రీ, న్యూజిలాండ్ వాళ్లది.

పాసివ్ ట్రీ, అంటే హీరో బలాలు ఎంచుకునే చెట్టు లాంటి పటం, ఓపెన్ చేస్తే 1300 పైన చుక్కలు ఉంటాయి, ఏడు క్లాసులకీ అదే ఒక్క చెట్టు, మొదలయ్యే చోటు మాత్రమే వేరు, మీ దగ్గర చివరికి ఉండేవి ఓ 120 పాయింట్లు, అంటే ఎక్కడికి వెళ్లాలో కంటే ఎక్కడికి వెళ్లకూడదో ఆలోచించుకోవాలి. స్కిల్ అనేది ఒక రాయి, దానికి సపోర్ట్ రాళ్లు తగిలిస్తే అదే నిప్పు బంతి మూడు బంతులవుతుంది, లేదా మీ బదులు టోటెమ్ అనే స్తంభం దాన్ని వేస్తుంది, లేదా మీకు దెబ్బ తగిలినప్పుడు దానంతటదే పేలుతుంది. ఇక డబ్బు సంగతి చెప్తే నవ్వుతారు, చాలా ఏళ్లు ఆ గేమ్‌లో బంగారమే లేదు, ఐటమ్‌ని మార్చే ఆర్బులే డబ్బు. అంటే మీరు డబ్బుని ఖర్చయినా పెట్టొచ్చు, వాడేసి వస్తువుని బాగు చేసుకోనూ వచ్చు, కాబట్టి దానికి విలువ ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, వాడకంలోంచే వచ్చింది.

ఇక్కడ డల్లాస్‌లో వీకెండ్ మా ఆవిడ షాపింగ్‌కి వెళ్తే నేను కార్లో కూర్చుని పాత్ ఆఫ్ బిల్డింగ్‌లో బిల్డులు (ఏ చుక్కలు, ఏ రాళ్లు అన్న ప్లాన్లు) వేస్తుంటా. అది గేమ్ కాదు, గేమ్‌కి ప్లేయర్లే రాసుకున్న లెక్కల సాఫ్ట్‌వేర్. గేమ్ ఆడకుండా గేమ్ ఆడటం అంటే ఇదీ.

#4 సీమ_సమనర్

ఏమప్పా మాంత్రికుడూ, నీ పోస్టులో నీకు నువ్వే దొరికిపోయినావు చూడు. ఆడాలంటే ఇంకో సాఫ్ట్‌వేర్ కావల్ల. 1300 చుక్కలు పెట్టినంత మాత్రాన లోతు అయితాదా? కొత్తగా వచ్చినోడు ఏం చేస్తాడు, యూట్యూబ్‌లో ఎవడో ఒకడి బిల్డు తెరిచి పెట్టుకుని వాడు నొక్కిన చుక్కలే తనూ నొక్కుతాడు. అది ఆలోచనా? చూసి రాతేగా. నాని తమ్ముడి కొడుకు మోచేత్తో నొక్కినాడు, వీడు వేలితో నొక్కుతాడు.

మా ఊర్లో గుడి అరుగు మీద పులిజూదం గీసుంటాది. మూడు పులులు, పదహైదు మేకలు. పులి దూకి మేకను తినల్ల, మేకలన్నీ చేరి పులిని కదలకుండా కట్టెయ్యల్ల. రూల్సు చెప్పనీకి రెండు నిమిషాలు చాలు. మా తాత మీద నేను పదేండ్లు ఆడినా, ఒక్కసారి గెలిచినా అనుకో, అది కూడా ఆయప్ప కండ్లు ఆపరేషన్ అయి కట్టు కట్టుకోనుంటే. దానికి గైడు లేదు, ఉన్నా పనికిరాదు, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నోడు మారితే ఆట మారతాది. నాకు తెలిసిన లోతు అది. నీది లోతు గాదు, వెడల్పు.

#5 ఎక్సెల్_మాంత్రికుడు

"లోతు గాదు, వెడల్పు" – సరే, తగిలింది.

సగం ఒప్పుకుంటా. ఆ గేమ్‌లో లోతు కానిది, ఉత్త చిక్కుముడి అయినది చాలానే ఉంది. ఉదాహరణకి మొదటి పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో రాళ్ల కన్నాలు కవచానికి ఉంటాయి, ఆ కన్నాల రంగులు కలవాలి, మధ్యలో లింకులు ఉండాలి, అంటే కొత్త చొక్కా దొరికినా వేసుకోలేరు, ఎందుకంటే పాత చొక్కాకి ఉన్న ఆరు లింకులు దీనికి లేవు. అందులో ఆలోచించేదేం లేదు, ఏడుపే. రెండో పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2024 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చినప్పుడు (అది అప్పుడు డబ్బు కట్టాల్సిందే) సపోర్ట్ రాళ్లని నేరుగా స్కిల్ రాయికే తగిలించేలా మార్చారు. ఆలోచన అలాగే ఉంది, ఏడుపు పోయింది. మొదటి దాంట్లో కూడా 2024లో బంగారం పెట్టి, ఆర్బులు మార్చుకునే ఎక్స్చేంజి పెట్టారు, అంతకుముందు ఒక ఆర్బు కొనాలంటే పది మందికి మెసేజ్ పెడితే తొమ్మిది మంది పలికేవాళ్లు కాదు. పలకని మనిషి కోసం చూడటాన్ని కూడా మేం "డెప్త్" అని సమర్థించుకున్న రోజులున్నాయి, సిగ్గుగా ఉంది.

కానీ చూసి రాసినా కూడా, ఆ బిల్డు ఎందుకు పనిచేస్తుందో నాలుగో నెల్లో అర్థమవుతుంది చూడండి, ఆ కిక్కు వేరు.

#6 రెసిన్_రాణి

నాలుగో నెలా! అన్నయ్యగారూ, నాకు నైట్ డ్యూటీ అయ్యాక బస్సులో 25 నిమిషాలు దొరుకుతుంది, అదే నా గేమింగ్ టైమ్. మీరంతా సింపుల్ అంటే తక్కువ అన్నట్టు మాట్లాడుతున్నారు, అది నాకు నచ్చలేదు, అందుకే రాస్తున్నా.

నేను గెన్షిన్ ఇంపాక్ట్ ఆడతా, 2020 సెప్టెంబర్ నుంచీ, రూపాయి పెట్టకుండా. చూడ్డానికి రెండు బటన్ల ఆట, మా అమ్మాయి కూడా ఆడేస్తుంది. కానీ నా టీమ్ చెప్తా వినండి. షాంగ్లింగ్, బెన్నెట్, షింగ్‌చ్యూ, సుక్రోస్. నలుగురూ నాలుగు నక్షత్రాల వాళ్లే (పై తరగతి వాళ్లకి ఐదు), షాంగ్లింగ్‌ని అయితే స్పైరల్ అబిస్ (అంతస్తులుగా ఉండే పోరాటాల చోటు) మూడో ఫ్లోర్ దాటితే ఊరికే ఇస్తారు. షింగ్‌చ్యూ నీటి కత్తులు వేస్తాడు, శత్రువు తడుస్తాడు, షాంగ్లింగ్ తిరిగే నిప్పు చక్రం వేస్తుంది, తడి మీద నిప్పు పడితే వేపరైజ్ అనే రియాక్షన్ అయి దెబ్బ ఒకటిన్నర రెట్లు. అదే తిరగేసి, అంటుకుని ఉన్న నిప్పు మీద నీళ్లు పడితే రెండు రెట్లు. మరి ఒకటిన్నర ఎందుకు ఎంచుకోవడం అంటారా, మామూలుగా ప్రతి దెబ్బా రియాక్షన్ ఇవ్వదు, రెండున్నర సెకన్లకో మూడు దెబ్బలకో ఒకసారి లెక్క, కానీ షాంగ్లింగ్ చక్రానికి ఆ ఆంక్ష లేదు, తడి ఉన్నంతసేపూ తగిలిన ప్రతిసారీ పేలుతుంది.

ఇంకోటి. బెన్నెట్ వలయంలో నిలబడితే ఎటాక్ పెరుగుతుంది కదా, షాంగ్లింగ్ ఆ వలయంలో నిలబడి చక్రం మొదలుపెడితే, తర్వాత బయటికి వచ్చేసినా ఆ పెరిగిన ఎటాక్‌తోనే చక్రం తిరుగుతుంది. ముందు చక్రం వేసి తర్వాత బెన్నెట్‌ని పిలిస్తే ఏమీ రాదు. వరస మారితే అదే టీమ్ అదే ఆయుధాలు, పన్నెండో ఫ్లోర్లో టైమ్ అయిపోతుంది.

పోపులో ఆవాలు చిటపటలాడాక కరివేపాకు వేస్తే ఒక వాసన, ముందే వేస్తే మాడు. సామాన్లు అవే కదా.

#7 నెట్‌కేఫ్_నాని

రాణి గారూ, నేను ఆ గేమ్ ఓ నెల ఆడి "ఇందులో ఏముంది" అని తీసేశా. ఈ వరస సంగతి గేమ్‌లో ఎక్కడ చెప్తారు?

#8 రెసిన్_రాణి

రియాక్షన్ పేర్లు చెప్తారు. ఈ రెండున్నర సెకన్ల లెక్క, చక్రం ఎటాక్‌ని పట్టేసుకోవడం, ఇవేం చెప్పరు. ప్లేయర్లే కొలిచి, వీడియో స్లో చేసి, లెక్కేసి రాశారు. అది నాకూ కోపమే, లోతు పెట్టి మూత పెట్టేశారు.

మీ షాపు పాయింట్ మాత్రం నూటికి నూరు. రూపాయలిస్తే జెనెసిస్ క్రిస్టల్స్, అవి మార్చితే ప్రైమోజెమ్స్, 160 ప్రైమోజెమ్స్ ఇస్తే ఒక ఫేట్ (కొత్త మనిషో ఆయుధమో వచ్చే లాటరీకి టికెట్, ఆ లాటరీ తీయడమే విష్), ఆ ఫేట్‌లో మళ్లీ రెండు రకాలు, ఫేట్ వాడితే స్టార్‌గ్లిట్టరో స్టార్‌డస్టో, దాంతో మళ్లీ ఫేట్. ఐదు నక్షత్రాలది రావడానికి మూల అవకాశం 0.6 శాతం, 90వ సారికి ఖాయం, కానీ వచ్చేది బొమ్మ మీద ఉన్న మనిషే అని ఖాయం కాదు. ఇన్ని చేతులు మారాక ఒక విష్‌కి ఎంత రూపాయలో ఎవరికి గుర్తుంటుంది? అందుకే అన్ని పేర్లు. రియాక్షన్ల గురించి అర పేజీ చెప్పని వాళ్లు ఇది మాత్రం బొమ్మలేసి చెప్తారు.

రెసిన్ (డొమైన్ అనే పోరాటం గెలిచి బహుమతి తీసుకోవడానికి ఖర్చయ్యే శక్తి) అయితే ఎనిమిది నిమిషాలకి ఒకటి, ముందు 160 దాకా నిండేది, 2024లో 200 చేశారు. రోజుకి 180 వస్తుంది, ఒక డొమైన్‌కి 20, అంటే తొమ్మిది సార్లు. తొమ్మిది అయ్యాక ఆ పని మూసుకోవాల్సిందే. మీకది ఆంక్ష, నాకది వరం అండి, బస్సు దిగే స్టాప్ వచ్చేస్తుంది.

#9 ఊరికే_చూసేవాణ్ణి

ఇంత తెలివి ఉద్యోగంలో పెడితే ఈపాటికి మేనేజర్లు అయ్యేవాళ్లు అందరూ.

#10 ఓరుగల్లు_ఓర్క్

నేను మేనేజర్‌నే భయ్యా. అందుకే ఆడుతున్న.

#11 మోడరేటర్

తొమ్మిది, పది దగ్గర ఆపేయండి. ఇంకోటి, ఈ థ్రెడ్‌లో అకౌంట్ అమ్మకం పోస్టులు రెండు తీసేశాను, మూడోది పెడితే మనిషినే తీసేస్తా.

#12 గోదారి_గోబ్లిన్

ఆయ్, రూన్‌స్కేప్ పేరు వినపడింది, వచ్చేశానండి. రాజమండ్రి నుంచి.

నాని గారూ మీ కడుపు ఎందుకు నిండిందో నేను చెప్తానండి. ఆ ఆట 2001లో మొదలైంది, ఇప్పుడు మనం ఆడే ఓల్డ్ స్కూల్ 2013లో పాత కాపీ తీసి పెట్టారు, ఎందుకంటే 2012లో ఎవల్యూషన్ ఆఫ్ కంబాట్ అని పోరాటం అంతా మార్చేసి చెయ్యి పెడితే పది బటన్లు పెట్టారు, అది మోడ్రన్‌గా ఉందే గానీ జనానికి ఎక్కలేదు, పాతది ఇమ్మని గోల చేస్తే ఓటింగ్ పెట్టి ఇచ్చారు, ఇప్పటికీ కొత్తది ఏం పెట్టాలన్నా ఓటింగే, 70 శాతం రావాలి, ఇదివరకు 75 ఉండేది. అంటే బటన్లు పెంచితే లోతు పెరగదని ఒక కంపెనీ డబ్బు పోసి నేర్చుకుందన్నమాట.

ఆ ఆట గుండె చప్పుడు 0.6 సెకను, దాన్నే టిక్ అంటారు. మీరేం చేసినా ఆ టిక్ మీదే జరుగుతుంది. అంతే రూలు. మిగతాదంతా జనం దాంట్లోంచి తవ్వి తీసిందేనండి. ఫైట్ కేవ్స్ అని ఒకటుంది, 63 వేవ్‌లు (దఫాలుగా వచ్చే శత్రువులు), చివర్న జాడ్ అని ఒక పెద్ద భూతం. దానికి దూరం నుంచి రెండే దెబ్బలు, ముందు కాళ్లెత్తి నేలకేసి బాదితే రేంజ్డ్ (విసిరే దెబ్బ), వెనక కాళ్ల మీద లేచి ముందు కాళ్లు వేలాడేస్తే మేజిక్. మీరు చూసి దాన్ని అడ్డుకునే ప్రార్థన బటన్ నొక్కాలి. రెండు బొమ్మలు, రెండు బటన్లు. తప్పు నొక్కితే 97 దాకా పీకుతుంది. మొదటిసారి నేను గంట పైన ఆడి అక్కడికి చేరా, ప్రాణం 78, చేతులు వణుకుతున్నాయండి నిజంగా, మా ఆవిడ వెనక నుంచి "పాలు పొంగుతున్నాయి చూడండి" అంది, తల తిప్పా. అంతే. పాలూ పోయాయి, నేనూ పోయా.

అది డబ్బు కట్టే మెంబర్లకే అంటారేమో, ఫ్రీ వాళ్లకి 15 స్కిల్సే నిజమే, కానీ ఆటలో సంపాదించిన బంగారంతో బాండ్ కొంటే 14 రోజులు మెంబర్ అవుతారు. నేను అలాగే ఎక్కానండి, విల్లో చెట్లు నరికి నరికి.

#13 సీమ_సమనర్

జాడ్ కత బాగుండాదప్పా, అది పులిజూదమే, ఒప్పుకుంటా. ఆ పాల కత ఇంకా బాగుండాది.

కానీ ఒకటి అడుగుతా. ఆ ఆటలో 99 లెవెల్‌కి కోటీ ముప్పై లక్షల ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావల్ల, 92కి వస్తే సగం అయినట్టు. 92 అంటే సగం! మిగతా ఏడు లెవెళ్లకు మళ్లీ అంత చెట్లు కొట్టల్ల. అది గూడా లోతేనా? ఆటో బటన్ లేని ఆటో గదా అది.

#14 గోదారి_గోబ్లిన్

దొరికిపోయానండి. చెట్టు కొట్టడం లోతు కాదు. ముగ్గు వేస్తున్నప్పుడు చుక్కలు పెట్టడం లాంటిది అది, చుక్కలు పెట్టేటప్పుడు ఎవరూ గొప్ప అనరు, కానీ మా అమ్మ ఆ టైమ్‌లోనే పక్కింటామెతో ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఆ ఆటలో డ్రేనర్ అనే ఊళ్లో విల్లో చెట్ల కింద నేను చేసిందీ అదే, ఫిలిప్పీన్స్ కుర్రాడొకడు పరిచయమయ్యాడు, ఇప్పటికీ సంక్రాంతికి మెసేజ్ పెడతాడు, దాన్ని "పొంగల్ డే" అంటాడు, సరిచేయడం మానేశా.

#15 ఎక్సెల్_మాంత్రికుడు

సమనర్ గారి పాయింట్‌కి ఇంకో సాక్ష్యం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తెలుసుగా, 20 లెవెల్ దాకానే ఫ్రీ కాబట్టి ఇక్కడ చెప్పొచ్చో లేదో. 2012లో టాలెంట్ చెట్లు పీకేసి ఆరు వరసలు, వరసకి మూడు ఆప్షన్లు అని చేశారు, ఎలాగూ అందరూ గైడు చూసే నొక్కుతున్నారు కదా, ఆ చెట్లెందుకు అని. అచ్చం మీ మాటే. 2022లో మళ్లీ చెట్లు పెట్టారు. జనం చూసి రాసినా సరే, పేపర్ తమ చేతుల్లో ఉండాలనుకుంటారు. ఒకటి అరా చుక్క సొంతంగా నొక్కుకుంటారు చూడండి, ఆ బిల్డుకి అప్పుడే తమ పేరు పెట్టుకుంటారు.

#16 ఓరుగల్లు_ఓర్క్

నేనొక్క ముచ్చట జెప్త, గేమ్ పేరు జెప్ప. ఆటోతోటి నడిచేదే. అండ్ల గిల్డ్ ఉండె, 40 మందిమి, అండ్ల ఇద్దరు మాత్రం నెలకు వేలకు వేలు పెట్టేటోళ్లు. గిల్డ్ వార్ అంటే ఆ ఇద్దరే. మిగిలిన 38 మందిమి ఎందుకున్నమో అర్థం కాకపోయేది. ఒకనాడు సర్వర్ల ఇంకో గిల్డ్‌కెల్లి ఇంకా ఎక్కువ పెట్టెటోడు ఒకడొచ్చిండు, ఒక్కడే వచ్చి మా 40 మందిని నిమిషంల ఊడ్చిండు, ఆటో మోడ్ల. నేనైతే ఛాయ్ తాగుతున్న. నేను ఓడిపోయిన సంగతి గూడ నాకు తెల్వదు, ఛాయ్ అయినంక చూసిన.

రాణక్క చెప్పిన వరస ముచ్చట గండ్ల ఎందుకు ఉండదంటే, వరస తెలిసినోడు పైసల్ పెట్టినోణ్ణి కొట్టిండనుకో, పైసల్ పెట్టెటోడు ఉంటడా? లోతు పెడితే దుకాణానికి నష్టం. వార్‌ఫ్రేమ్‌ల జూడు, ప్లాటినం (పైసలకు కొనే ఆట డబ్బు) గూడ ప్లేయర్లు మారకం చేస్కోవచ్చు, వస్తువులు తవ్వి అమ్ముకుంటె ఫ్రీవోడు గూడ సంపాయిస్తడు. గట్ల పెట్టిన కాడ ఆట గూడ మంచిగున్నది, గది ఊకెనే కాలే.

#17 రెసిన్_రాణి

ఓర్క్ తమ్ముడూ, "ఛాయ్ అయినంక చూసిన" అన్నది చదివి బస్సులో గట్టిగా నవ్వా, కండక్టర్ చూశాడు. కానీ మా దాంట్లో డబ్బు పెట్టిన వాళ్లతో కొట్లాటే లేదు కదా, ఎవరి అబిస్ వాళ్లది, అందుకే నా నాలుగు నక్షత్రాల వాళ్లకి బతుకుంది. ఎదురెదురుగా నిలబెడితే మావాళ్లూ ఊడ్చుకుపోయేవాళ్లేనేమో.

#18 నెట్‌కేఫ్_నాని

మూడు వారాల తర్వాత వస్తున్నా, థ్రెడ్ లాక్ చేయనందుకు మోడ్ గారికి థాంక్స్.

మాంత్రికుడి గారి మీద పంతంతో పాత్ ఆఫ్ ఎగ్జైల్ గైడు లేకుండా ఆడా. సొంత బిల్డు. ఎముకల సైన్యం ప్లస్ విల్లు ప్లస్ నాకే తెలియని ఇంకేదో. ఐదో యాక్ట్ చివర్లో కిటావా అనే భూతం చేతిలో పదకొండు సార్లు చచ్చా, చివరికి ఎలాగో చంపా, హమ్మయ్య అనుకుంటే వాడు చస్తూ కూడా నా రెసిస్టెన్సులన్నీ (దెబ్బలు తట్టుకునే శక్తులు) 30 శాతం తగ్గించి పోయాడు, శాశ్వతంగా. ఆరో యాక్ట్ బీచ్ మీద పీత కరిచినా చస్తున్నా. రెండు రోజులు గేమ్ ముట్టుకోలేదు. తర్వాత కూర్చుని ఉంగరాలు, బెల్టు, చెప్పులు అన్నీ రెసిస్టెన్స్ చూసి మార్చా, విల్లు చుక్కలు నాలుగు వెనక్కి తీసుకున్నా, క్వెస్టుల్లో ఇచ్చిన రిఫండ్ పాయింట్లతో. ఇప్పుడు ఎనిమిదో యాక్ట్. బిల్డు దరిద్రమే, కానీ దీనికి నేను పేరు పెట్టా, చెప్పను.

రెండోది, మావాడికి నా పాత ల్యాప్‌టాప్‌లో ఓల్డ్ స్కూల్ పెట్టించా. మొదటి ప్రశ్న, "పెదనాన్నా, ఆటో ఎక్కడ?" లేదు అన్నా. రెండో ప్రశ్న, "మరి నేనేం చేయాలి?" ఏమైనా చెయ్ అన్నా. వాడికి అది కోపం తెప్పించింది, గంటసేపు లంబ్రిడ్జ్ అనే మొదటి ఊళ్లో ఊరికే తిరిగాడు, గోబ్లిన్లు కొట్టాయి. వెళ్లిపోతాడనుకున్నా. ఆదివారం చూస్తే ఒక ఏటి ఒడ్డున నిప్పు వేసుకుని రొయ్యలు కాలుస్తున్నాడు, పదిలో నాలుగు మాడుతున్నాయి, మాడినప్పుడల్లా "అబ్బా" అంటున్నాడు, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ఏం చేస్తే తక్కువ మాడతాయి అని అడిగాడు. నాకు గుర్తు రాలేదు, లెవెల్ పెరిగితే తగ్గుతుంది అని మాత్రం చెప్పా. ఇంకేమైనా ఉందా? వాడు రేపు స్కూల్ నుంచి రాగానే అడుగుతాడు.

#19 గోదారి_గోబ్లిన్

ఉందండి. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు ఒకడుంటాడు, వాడికి ఒక గుడ్డు, ఒక బక్కెట్టు పాలు, ఒక కుండ పిండి తెచ్చివ్వమనండి. గుడ్డు, పాలు అక్కడే దగ్గర్లో దొరుకుతాయి, పిండికి మాత్రం గోధుమలు కోసి మరకి తీసుకెళ్లాలి, మర పైకెక్కి పోసి లీవర్ లాగి మళ్లీ కిందకొచ్చి పట్టుకోవాలి, కుండ లేకుండా వెళ్తే మళ్లీ నడకే, అది నేను చెప్పినట్టు చెప్పకండి, వాణ్ణే నడవనివ్వండి. ఇచ్చాక కోటలో పొయ్యి వాడుకోనిస్తాడు, దాని మీద తక్కువ మాడతాయి.